నాలుగు ఆల్బమ్‌లు, ఒక్క హిట్టూ లేదు: మాట్ ద హూపుల్ తొలి ఏళ్లు

1971 జూలైలో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఒక రాక్ షో జరిగింది. పైన బాక్సుల్లో కూర్చోవాల్సిన జనం లేచి గంతులేశారు. బాక్సులు దెబ్బతిన్నాయి. హాల్ యాజమాన్యానికి ఒళ్లు మండి, కొంతకాలం ఇక్కడ రాక్ షోలే వద్దని తేల్చేసింది. ఆ రోజు వాయించింది మాట్ ద హూపుల్ అనే బ్రిటిష్ బ్యాండు. అదే ఏడాది నవంబర్‌లో వాళ్ల నాలుగో ఆల్బమ్ వచ్చింది. బ్రిటన్ అమ్మకాల చార్టులో దానికి చోటే దొరకలేదు.

హాలు నిండుతుంది, జనం ఊగిపోతారు, మర్నాడు రికార్డు మాత్రం ఎవరూ కొనరు. ఎందుకిలా?

ఈ బ్యాండు గురించి ఎక్కడ చదివినా కథ ఒకేలా ఉంటుంది. నాలుగు ఆల్బమ్‌లు తీశారు, ఒక్కటీ ఆడలేదు, విడిపోదామనుకున్నారు, డేవిడ్ బోవీ అనే బ్రిటిష్ గాయకుడు వచ్చి ఒక పాట ఇచ్చాడు, వాళ్లు గ్లామ్ (మెరుపు వేషాల రాక్) స్టార్లయ్యారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇలా చెబితే ఆ నాలుగు ఆల్బమ్‌లూ గబగబా తిప్పేసే పేజీలైపోతాయి. నా లెక్క వేరు. ఆ పాట ఎవరికిచ్చినా అంతే హిట్టయ్యేదని నేను అనుకోను. దాన్ని పాడగల గొంతు, పాడితే నమ్మించగల బ్యాండు ఆ నాలుగు ఆల్బమ్‌ల కాలంలోనే తయారయ్యాయి. రికార్డులు ఎందుకు అమ్ముడుపోలేదో, ఆ పాట వాళ్లకు ఎందుకంత అతికిందో తెలియాలంటే వెతకాల్సింది ఒకే చోట.

జైల్లో దొరికిన పేరు

వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న హెరెఫర్డ్‌షైర్‌లో కొందరు కుర్రాళ్లు కలిసి వాయించేవాళ్లు. గిటార్ మీద మిక్ రాల్ఫ్స్, బేస్ మీద పీట్ ఓవరెండ్ వాట్స్, డ్రమ్స్ మీద డేల్ గ్రిఫిన్, హ్యామండ్ ఆర్గన్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు మీద వెర్డెన్ ఆలెన్, పాడేది స్టాన్ టిప్పిన్స్. 1969 నాటికి బ్యాండు పేరు సైలెన్స్. వాళ్లు లండన్ వచ్చి ఐలాండ్ రికార్డ్స్ అనే కంపెనీలో గై స్టీవెన్స్ అనే మనిషి ముందు వాయించారు.

ఈయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గై స్టీవెన్స్ లేకపోతే ఈ బ్యాండు లేదు. ఈ బ్యాండు కష్టాల్లో సగం కూడా ఆయన వల్ల వచ్చినవే. 1960ల మొదట్లో సోహోలో డీజేగా పనిచేస్తూ, అమెరికా నల్లజాతి సంగీతాన్ని పట్టుపట్టి సేకరించి లండన్ కుర్రకారుకు వినిపించినవాడు. ఐలాండ్ తరఫున స్యూ అనే లేబుల్ నడిపాడు. ప్రోకోల్ హారమ్ బ్యాండుకు ఆ పేరు పెట్టిందీ ఆయనే. తర్వాత మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్లాడు. అక్కడ విలార్డ్ మేనస్ అనే అమెరికన్ రచయిత నవల ఒకటి చదివాడు. దాని పేరే 'మాట్ ద హూపుల్'. ఈ పేరుతో ఒక బ్యాండు ఉండి తీరాలని జైల్లోనే అనుకున్నాడు.

అంటే బ్యాండు ఆయన బుర్రలో ముందే తయారైంది, మనుషులే దొరకాలి. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ లాంటి గొంతూ మాటలూ, వెనక రోలింగ్ స్టోన్స్ లాంటి మోత. ఇదీ ఆయన కల. ఆలెన్ గారి బండెడు బరువున్న హ్యామండ్ ఆర్గన్‌ను ఆ కుర్రాళ్లు మెట్ల మీదుగా పైకి మోసుకొస్తుంటే చూసి, ఒక్క స్వరం వినకముందే ఆయన మనసు పారేసుకున్నాడని చెప్పుకుంటారు. నాకు ఇది నమ్మదగినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన జీవితమంతా పనితనం కన్నా పిచ్చి పట్టుదలకే మార్కులు వేశాడు.

కానీ గాయకుడు మారాలన్నాడు. మెలొడీ మేకర్ పత్రికలో ప్రకటన వేశారు. వచ్చినవాళ్లలో ఇయాన్ హంటర్ ఒకడు. అప్పటికి ముప్ఫై ఏళ్లు, పెళ్లయింది, పిల్లలున్నారు. ఫ్యాక్టరీ ఉద్యోగాలు చేశాడు, హాంబర్గ్ క్లబ్బుల్లో బేస్ వాయించాడు, పాటలు రాసి అమ్ముకోవాలని చూశాడు. తాను గాయకుణ్ణని తనకే పెద్ద నమ్మకం లేదు. పియానో ముందు కూర్చుని డిలన్ పాట పాడాడు. గైకి కావలసింది దొరికింది.

పాడే చోటు పోయిన స్టాన్ టిప్పిన్స్ తర్వాత అదే బ్యాండుకు రోడ్ మేనేజర్‌గా వచ్చాడు. తన స్థానంలో వేరొకడు పాడుతుంటే ఏళ్ల తరబడి ఆ షోలను నడిపించాడు. ఈ కథలో నాకు చాలా ఇష్టమైన మనిషి ఆయన.

ఒకరి కల, మరొకరి చీకటి

మన సినిమా అలవాటుతో ప్రొడ్యూసర్ అనగానే డబ్బు పెట్టేవాడు అనుకుంటాం. రాక్ రికార్డింగులో ప్రొడ్యూసర్ పని వేరు. ఏ టేకు ఉంచాలి, ఏ వాయిద్యం ఎంత వినపడాలి, పాట ఎక్కడ ఆగాలి, ఇవన్నీ తేల్చేది ఆయనే. గై స్టీవెన్స్‌కు మైకులు, మిక్సింగు లాంటి సాంకేతిక పని మీద ఆసక్తి తక్కువ. గదిలో ఒక వేడి పుట్టించడం, వాయించేవాళ్లను ఒళ్లు మరిచిపోయేలా రెచ్చగొట్టడం, ఇదే ఆయన పద్ధతి. వేడి పుట్టేది. అది టేపు మీదికి ఎక్కిందా లేదా అన్నది అదృష్టం.

మొదటి ఆల్బమ్ 1969 నవంబర్‌లో బ్యాండు పేరుతోనే వచ్చింది. అట్ట మీద ఎషర్ అనే డచ్ చిత్రకారుడు గీసిన బల్లులు, కాగితంలోంచి లేచి నడిచి మళ్లీ కాగితంలోకి దిగిపోతుంటాయి. లోపల మొదటి ట్రాకు కింక్స్ బ్యాండు పాత హిట్టు, అదీ గొంతు లేకుండా వాయిద్యాలతోనే. తర్వాత మరో ఇద్దరి పాటలు. కొత్త బ్యాండు తనను తాను పరిచయం చేసుకోవాల్సిన చోట వరసగా మూడు అరువు పాటలు! ఇది బ్యాండు ఆల్బమ్ కాదు, గై స్టీవెన్స్ కల ఆల్బమ్. హంటర్ డిలన్‌లా పాడతాడు, ఆర్గనూ పియానో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. బాగుంటుంది. కానీ వీళ్లెవరో మనకు తెలీదు. 'హాఫ్ మూన్ బే' అనే పది నిమిషాల పాటలోనూ, రాల్ఫ్స్ రాసిన 'రాక్ అండ్ రోల్ క్వీన్'లోనూ మాత్రం సొంత మనుషులు తొంగి చూస్తారు. చార్టులో 66వ స్థానం.

రెండోది 'మ్యాడ్ షాడోస్', 1970లో వచ్చింది. ఇది వినడం కష్టం. ధ్వని మసకగా ఉంటుంది, ఎవరో తలుపు మూసిన గదిలోంచి వాయిస్తున్నట్టు. హంటర్ పెళ్లి విరిగిపోతున్న కాలం అది. చివరి పాట 'వెన్ మై మైండ్స్ గాన్' ముందుగా రాసుకున్నది కాదు. గై ఎదురుగా నిలబడి రెచ్చగొడుతుంటే హంటర్ అప్పటికప్పుడు పియానో మీద అల్లుకుంటూ పాడాడు. ఒక మనిషి మనసు పట్టు తప్పుతుంటే మనం పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. హాయిగా వినే పాట కాదు. అయినా హంటర్ డిలన్ నీడలోంచి బయటకొచ్చింది ఇక్కడేనని నా నమ్మకం. ఇలా బట్టలు విప్పేసినట్టు పాడటం వచ్చాక వేరొకరి గొంతు అవసరం లేదు. చార్టులో 48.

టెన్షన్ తట్టుకోలేక మూడో ఆల్బమ్‌కు గైని పక్కన పెట్టారు. 1971 మార్చిలో వచ్చిన 'వైల్డ్‌లైఫ్'ను ఎక్కువగా తామే ప్రొడ్యూస్ చేసుకున్నారు. రాల్ఫ్స్‌కు కంట్రీ సంగీతం ఇష్టం. స్టీల్ గిటార్ వచ్చింది, శుభ్రమైన గొంతులు వచ్చాయి, అంతా తేటపడింది. 'మైల్డ్' అంటే చప్పగా, మెత్తగా అని కదా, తర్వాత బ్యాండు వాళ్లే దీన్ని 'మైల్డ్‌లైఫ్' అని పిలుచుకున్నారు. విచిత్రం ఏమిటంటే నాలుగింటిలో చార్టులో అన్నిటికన్నా పైకెక్కింది ఇదే, 44వ స్థానం దాకా.

వాళ్లు ఏమన్నా సరే, నేను ఈ ఆల్బమ్ పక్షం. ఇందులో 'వాటర్లో' అనే పాట ఉంది. ఉత్తర లండన్‌లో వాటర్లో అనే పార్కు ఉంది, దాని పేరే పాటకు పెట్టాడు హంటర్. విడిపోయిన కుటుంబం తాలూకు దుఃఖం అది. అరుపు లేదు, డిలన్ లేడు, మెల్లని తీగవాద్యాల మధ్య ఒక తండ్రి గొంతు. తర్వాతి రోజుల్లో గ్లామ్ స్టార్‌గా తిరిగిన హంటర్ రాసిన నెమ్మది పాటలన్నిటికీ వేరు ఇక్కడుంది.

అదే ఆల్బమ్ చివర మరో విషయం ఉంది. క్రోయ్‌డన్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్‌లో జరిగిన షోలోంచి పది నిమిషాల లైవ్ రికార్డింగు తెచ్చి పెట్టారు. లిటిల్ రిచర్డ్ పాటతో మొదలుపెట్టి పాత రాక్ అండ్ రోల్ అంతా దొర్లించేస్తారు. అంతదాకా మెత్తగా సాగిన ఆల్బమ్ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు ఊగుతుంది. రెండు వేర్వేరు బ్యాండుల రికార్డులు పొరపాటున కలిసిపోయాయేమో అనిపిస్తుంది. వాళ్లు స్టేజి మీద ఎలా ఉండేవాళ్లో, స్టూడియోలో ఏమి పోగొట్టుకునేవాళ్లో ఆ ఒక్క ట్రాకు వింటే తెలిసిపోతుంది.

హాలు నిండితే సరిపోదా?

జనం ముందు వాళ్లు చేసింది పాట ప్రదర్శన కాదు, జనంతో గొడవ. హంటర్ ప్రేక్షకులతో మాట్లాడతాడు, రెచ్చగొడతాడు, ముందు వరస వాళ్లను పిలుస్తాడు. ఆ మాటలూ ఆ చెమటా ఆ శబ్దం కలిస్తేనే ఆ బ్యాండు. ఇంట్లో రికార్డు ప్లేయర్ మీద ముల్లు పెడితే అందులో సగం కూడా రాదు. షో చూసినవాడు రికార్డు కొనుక్కుని నిరాశపడితే తర్వాతి ఆల్బమ్‌కు డబ్బు పెట్టడు.

రెండో చిక్కు రేడియోది. అప్పట్లో బ్రిటన్‌లో రెండు సంగీత లోకాలు ఉండేవి. ఒకటి ఆల్బమ్‌ల లోకం: కాలేజీ హాళ్లు, పొడవాటి పాటలు, నేల మీద కూర్చుని శ్రద్ధగా వినే కుర్రాళ్లు. రెండోది సింగిల్స్ లోకం: బీబీసీ రేడియో 1, 'టాప్ ఆఫ్ ద పాప్స్' టీవీ కార్యక్రమం, మూడు నిమిషాల పాట, దాన్ని కొనే స్కూలు పిల్లలు. ఐలాండ్ అప్పుడు మొదటి లోకంలో గట్టిది. మాట్ ద హూపుల్ ఆ లోకానికి సరిపోయే బ్యాండు కాదు. పది నిమిషాల సోలోలను మెచ్చుకునే వాళ్లకు వీళ్లు మోటుగా కనిపించారు. రెండో లోకంలోకి వెళ్లాలంటే సింగిల్ కావాలి. 1971లో షాడో మార్టన్ అనే అమెరికన్ ప్రొడ్యూసర్‌తో 'మిడ్‌నైట్ లేడీ' అనే సింగిల్ చేశారు. అదీ ఆడలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు.

మూడోది డబ్బు. కంపెనీ పెట్టిన స్టూడియో ఖర్చు, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ బ్యాండుకు రావాల్సిన రాయల్టీ వాటాలోంచే కోసుకుంటారు. రికార్డు అమ్ముడుపోకపోతే ఆ లెక్క తీరదు, తర్వాతి ఆల్బమ్ ఖర్చు దాని మీద చేరుతుంది. షోల నుంచి వచ్చేది వ్యానుకూ సామానుకూ తిండికీ సరి. అందుకే ఆపకుండా ఊళ్లు తిరిగారు. తిరిగే కొద్దీ స్టేజి మీద పదునెక్కారు, కొత్త పాటలు స్టూడియోలో నిదానంగా చెక్కుకునే తీరిక పోయింది.

ఈ స్థితిలో గై స్టీవెన్స్‌ను మళ్లీ పిలిచారు. నాలుగో ఆల్బమ్ 'బ్రెయిన్ కేపర్స్' ఐదు రోజుల్లో రికార్డయింది. గై, ఇంజినీర్ ఆండీ జాన్స్ ఇద్దరూ జోరో అనే ముసుగు వీరుడి వేషంలో, కళ్లకు ముసుగులు కట్టుకుని స్టూడియోకు వచ్చారు. ఇది పిచ్చి అనుకుంటే అనుకోవచ్చు. కానీ వినండి. ఇక ఏమీ మిగల్లేదని తెలిసిన మనుషులు వాయిస్తున్న చప్పుడు అది. ఆర్గన్ అరుస్తుంది, డ్రమ్స్ పరిగెడతాయి, 'ద మూన్ అప్‌స్టెయిర్స్' పాటలో హంటర్ కోపం దాచుకోడు. బ్రిటన్‌లో పంక్ (మోటుగా, కోపంగా సాగే రాక్) అనే మాట వాడుకలోకి రావడానికి ఐదేళ్ల ముందు ఇలాంటి శబ్దం చేశారు. మూడు ఆల్బమ్‌ల పాటు వాళ్లు వెతుకుతున్న స్టేజి వేడి మొదటిసారి టేపు మీద పడింది ఇక్కడే. చార్టులో మాత్రం అసలు చోటే దొరకలేదు. నాలుగు ఆల్బమ్‌లలో మంచిది అన్నిటికన్నా తక్కువ అమ్ముడుపోవడం ఎవరినైనా కుంగదీస్తుంది.

1972 మార్చిలో స్విట్జర్లాండ్ వెళ్లారు. ఒక చోట వాడకం ఆగిపోయిన గ్యాస్ ట్యాంకును క్లబ్బుగా మార్చారు, అందులో వాయించారు. ఇంతకాలం పడ్డ పాటుకు చేరుకున్న చోటు ఇదా అనిపించింది. ఇక చాలు, విడిపోదాం అనుకున్నారు. ముందే ఒప్పుకున్న టూరు మాత్రం పూర్తి చేయాలి. సర్కస్ పేరు పెట్టుకున్న ఆ బ్రిటిష్ టూరులో గారడీవాళ్లు, కత్తులు విసిరేవాళ్లు, మ్యాక్స్ వాల్ అనే పాతకాలపు హాస్యనటుడు కూడా ఉన్నారు.

ఇచ్చినవాడూ కష్టపడ్డవాడే

ఓవరెండ్ వాట్స్ ఉద్యోగం కోసం డేవిడ్ బోవీకి ఫోన్ చేశాడు. బ్యాండు విడిపోయింది, బేస్ వాయించే పనేమైనా ఉందా అని. బోవీ వీళ్ల అభిమాని. అంతకు ముందే 'సఫ్రజెట్ సిటీ' అనే పాటను వీళ్లకు పంపాడు, వీళ్లు వద్దన్నారు. ఇప్పుడు విడిపోయారని విని తట్టుకోలేకపోయాడు. మరో పాట తెచ్చాడు. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్‌లోని ఒక ఆఫీసులో నేల మీద కూర్చుని గిటార్‌తో పాడి వినిపించాడు. అదే 'ఆల్ ద యంగ్ డ్యూడ్స్'.

ఇక్కడ గ్లామ్ గురించి ఒక మాట. మెరుపు బట్టలు, కళ్లకు రంగు, ఎత్తు చెప్పులు చూసి అవి కొత్త కుర్రాళ్ల వేషాలనుకుంటాం. కాదు. టి. రెక్స్ బ్యాండును నడిపిన మార్క్ బోలన్ అంతకుముందు ఏళ్ల తరబడి నేల మీద కూర్చుని జానపద ఛాయల పాటలు పాడుకున్నాడు. స్లేడ్ బ్యాండు 1969, 1970లో ఆల్బమ్‌లు తీసి, ఒక దశలో గుండ్లు కొట్టించుకుని తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. బోవీ మొదటి ఆల్బమ్ 1967లోనే వచ్చింది. 1969లో ఒక్క హిట్టు తర్వాత మళ్లీ మూడేళ్లు చీకటే. గ్లామ్ అంటే చాలామటుకు ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లు తిరిగి మూడు నిమిషాల సింగిల్ దగ్గరికి రావడం. బోవీ మాట్ ద హూపుల్‌లో తన పాత కష్టాన్నే చూసుకున్నాడేమో అనిపిస్తుంది నాకు.

1972 మేలో ఒలింపిక్ స్టూడియోలో పాట రికార్డు చేశారు. 'మ్యాడ్ షాడోస్' రికార్డయిందీ అక్కడే. ఈసారి పాట ఎంత పొడవుండాలో, ఏది ఎక్కడ వినపడాలో తెలిసిన బోవీ ప్రొడ్యూసర్ కుర్చీలో ఉన్నాడు. ఇంతకాలం లేనిదల్లా అదే. కానీ పాట చివరికొచ్చేసరికి చప్పబడింది. కోరస్ తిరిగి తిరిగి వస్తోంది, ఏమీ జరగడం లేదు. అప్పుడు హంటర్ తన పద్ధతి ఎత్తుకున్నాడు. కొద్ది రోజుల ముందు ఒక షోలో తనను గేలి చేసిన ప్రేక్షకుణ్ణి ఎలా ఎదుర్కొన్నాడో, ఆ మాటల ధోరణే మైకులోకి వదిలాడు. ముందు వరసలోవాణ్ణి పిలుస్తూ, వెక్కిరిస్తూ, దగ్గరికి రమ్మంటూ. పాట విన్న ఎవరికైనా గుర్తుండిపోయేది ఆ చివరే. ఆ భాగం బోవీ రాసింది కాదు. మూడేళ్ల షోలు రాసింది.

ఒక దుకాణం పేరు పాటలో వస్తుంది. వ్యాపార ప్రకటనలు కూడదన్న బీబీసీ నియమం వల్ల ఆ పదాలు మార్చి మళ్లీ పాడాల్సి వచ్చింది. జూలైలో సింగిల్ విడుదలైంది, మూడో స్థానం దాకా ఎక్కింది. అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ 21వ స్థానంలో నిలిచింది.

బోవీయే అంతా చేశాడనేవాళ్లకు నేను చూపించేది మరుసటి ఏడాది. 1973లో 'మాట్' అనే ఆల్బమ్‌ను మళ్లీ తామే ప్రొడ్యూస్ చేసుకున్నారు. 'వైల్డ్‌లైఫ్'లో తడబడ్డ అదే ప్రయత్నం. ఈసారి చార్టులో 7వ స్థానం, దాంట్లోంచి రెండు హిట్ సింగిల్స్. ఆ ఆల్బమ్‌లో జ్యూరిక్ పేరూ 1972 మార్చి 26 అన్న తేదీ పెట్టి హంటర్ ఒక పాట రాశాడు, బ్యాండు విరిగిపోయిన ఆ రోజుల మీద. అది 'వాటర్లో' రాసిన చెయ్యే. ఆ సంవత్సరం చివర్లో బ్రిటన్ టూరులో వీళ్ల ముందు వాయించిన కొత్త బ్యాండు పేరు క్వీన్.

గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. ఆలెన్ 1973 మొదట్లోనే వెళ్లిపోయాడు, ఆ ఏడాదే రాల్ఫ్స్ కూడా వెళ్లి బ్యాడ్ కంపెనీ పెట్టాడు, 1974 చివరికి హంటర్ కూడా వదిలేశాడు.

ఆ హిట్లకు ముందు మూడేళ్లూ వీళ్ల వెంట ఊరూరా తిరిగిన అభిమానులు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకడు మిక్ జోన్స్ అనే లండన్ స్కూలు కుర్రాడు. 1979లో అతని బ్యాండు ద క్లాష్ 'లండన్ కాలింగ్' రికార్డు చేయడానికి వెసెక్స్ స్టూడియోకు వెళ్లినప్పుడు, ఎవరూ పని ఇవ్వని గై స్టీవెన్స్‌ను ప్రొడ్యూసర్‌గా పిలిచారు. ఆయనేం మారలేదు. పాట నడుస్తుండగా కుర్చీలు విసిరాడు, నిచ్చెన తిప్పాడు. మిక్సింగ్ బోర్డు దగ్గర కూర్చుని ఆ గలభా అంతా టేపు మీదికి ఎక్కేలా చూసుకుంది బిల్ ప్రైస్. 1973లో 'మాట్' ఆల్బమ్‌కు ఇంజినీర్‌గా పనిచేసిందీ ఆయనే.